చేతిసాక్షి సంతకం

412వ రోజు

ఈ దినచర్య నా సరదా కాదు, నియమం. చేతిసాక్షి ఉద్యోగంలో, అంటే రోగి ఒళ్ళు ముట్టుకుని చూసి చూశామని సంతకం పెట్టే పనిలో, ఉన్నవాళ్ళు రోజూ రాయాలట. రాసి, చివర్లో "నాకు తెలియనిది" అన్న గడి నింపాలట. ముప్పై ఒక్క ఏళ్ళు మెడికల్ కాలేజీలో పాఠం చెప్పిన త్రిపురాంబ రోజుకొకటి చొప్పున తనకు తెలియనిది వెతుక్కోవాలన్నమాట. ఈ గడి గీసినవాడు నా చేత చివాట్లు తిన్న శిష్యుడే అయి ఉంటాడు. ఇన్నాళ్ళకు కక్ష తీర్చుకున్నాడు.

పొద్దున ఆరింటికే నలభై డిగ్రీలు. ఆసుపత్రి ట్యాంకు నింపి, రోగుల చల్లచొక్కాలకు నీళ్ళు పంపే గొట్టాలను ఒక్కొక్కటే ఊది చూశాను. రెండింటికి చిల్లులు. అతికించాను. కాలేజీలు మూసేశాక ప్రొఫెసర్లకు మిగిలిన పనులివి.

ఏడింటికి మాబున్ని వచ్చింది. నాకు అప్పగించిన ఒకే ఒక్క విద్యార్థిని. నలభై రెండేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు ఈ పలకల బయలులో సోలార్ పలకలు కడిగి, ఇక చాలనుకుని వైద్యం నేర్చుకుంటోంది. నేర్పేది నేను కాదు, ఆమె మెడలో వేలాడే ఒజ్జ అనే మాట్లాడే యంత్రం. బొట్టుబిళ్ళ డబ్బీ అంత ఉంటుంది. లోకంలోని వైద్య పుస్తకాలన్నీ చదివిందట. ఏం నేర్చుకోవాలో మాబున్నే నిర్ణయించుకుంటుంది, మాబున్నే అడుగుతుంది, అది చెబుతుంది. ఈ వారం ఆవిడగారు ఎంచుకున్న పాఠం, గుండె చప్పుడు ఎందుకొస్తుంది. ఎనిమిదో తరగతి పిల్ల అడిగే ప్రశ్న. ఒజ్జ "మంచి ప్రశ్న" అని మొదలుపెట్టి గంటసేపు ఓపిగ్గా చెప్పింది. నేనైతే సుద్దముక్క విసిరేదాన్ని.

ఒజ్జ ఎవర్నీ తిట్టదు. చివాట్లు తినకుండా డాక్టరైనవాళ్ళ చేతిలో మాత్రం చావనని నేను ఎప్పుడో నిర్ణయించుకున్నాను.

నాకు తెలియనిది: ఏమీ లేదు.

413వ రోజు

మద్దిలేటి అనే పలకలు కడిగేవాడిని అతని భార్య సుంకులమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అయిదు రోజులుగా జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు. మంచం మీద పడుకోబెట్టి అతని చల్లచొక్కాను గోడ గొట్టానికి తగిలించాం. మాబున్ని ఎదకిటికీ తీసి గుండె విన్నది, ఊపిరి విన్నది, నాడి పట్టింది.

ఎదకిటికీ అంటే చల్లచొక్కాకు ముందువైపు ఉండే అరచేతంత మూత. ఈ బయలులో పుట్టి పెరిగినవాళ్ళకు డాక్టరు చూడటమంటే ఆ మూత తీసి చూడటమే. చొక్కా ఇప్పాలంటే నీళ్ళు వంపాలి, మళ్ళీ తొడిగి నింపేసరికి గంట పడుతుంది. ఆ గంటలో జ్వరం మనిషి ఉడికిపోతాడు. అందుకని ఎవరూ ఇప్పరు, ఎవరూ ఇప్పమనరు. ఇక్కడి ఆడవాళ్ళయితే ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఇప్పరు.

మా రోజుల్లో రోగిని కిటికీ వెలుతురుకు తిప్పి, తల వెంట్రుకల నుంచి కాలివేళ్ళ సందుల దాకా చూసేవాళ్ళం. చూడకుండా వచ్చి కేసు చెప్పినవాడిని నేను వార్డులోంచి గెంటేసేదాన్ని. ఆ సంగతి మాబున్నికి చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఇప్పుడు చొక్కా ఇప్పమంటారా డాక్టరమ్మా?" అంది.

ఇంత చిన్నదానికి నన్నడుగుతుందేమిటని ఒళ్ళు మండింది. "మీ ఒజ్జనే అడుగు" అన్నాను. అడిగింది. "చర్మం చూడటం చేతిసాక్షి గారి అంశం. వారినే అడుగుతాను" అంది ఒజ్జ.

అడిగింది కూడా. సాయంత్రం నా తెర మీద మూడు ప్రశ్నలు. చర్మం మొత్తం చూడటం జరిగిందా? చంకలు, నడుము, గజ్జలు చూశారా? ఎక్కడైనా నల్లటి పెచ్చు కనిపించిందా? ఒజ్జకు కళ్ళు లేవు. ఒకప్పుడు రోగుల ఒంటి బొమ్మలు బజారున పడ్డాక ఆసుపత్రుల్లో కెమెరాలు తీసేశారు. అందుకే నేను. ఒక్కో రోగికి నేను నింపాల్సిన పట్టీలో ఇరవై రెండు అంశాలుంటాయి, అన్నింటికీ ఒకేసారి టిక్కు పెట్టే మీట ఒకటుంటుంది. నొక్కి సంతకం పెట్టాను. నాలుగు వందల రోజులుగా చేస్తున్నదే. యంత్రం దగ్గర పాఠాలు చెప్పించుకునే వయసు కాదు నాది.

నాకు తెలియనిది: దీనికింత మర్యాద ఎవరు నేర్పారో.

415వ రోజు

పలకలు కడిగిన నీళ్ళన్నీ కిందికే కారతాయి కదా, వాటి కింద గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆసుపత్రి వెనక వరసలోంచి ఎలుకలు వచ్చి బ్యాండేజీ చుట్టలు కొరికిపోయాయి. బయలంతటికీ అదొక్కటే నీడ. పనివాళ్ళు ఆ గడ్డిలోనే కూర్చుని సద్ది తింటారు, అందులోనే నడుం వాలుస్తారు. గడ్డి కోయించమని కంపెనీకి మూడోసారి రాశాను. జవాబు లేదు.

మద్దిలేటికి జ్వరం తగ్గలేదు. డెంగీ కాదని తేలింది. రక్తం పట్నానికి పంపాం, ఫలితం రావడానికి మూడు వారాలు. యాంటీబయాటిక్ ఏదైనా మొదలుపెడదామా అని మాబున్ని ఒజ్జతో చర్చించింది. మందుల బీరువా తాళం ఒజ్జ దగ్గర ఉంటుంది. మా తరం ఆ మాత్రల్ని పప్పుబెల్లాల్లా పంచిపెట్టినందుకు, ఇప్పుడు నమోదైన ఆధారం ఉంటే తప్ప బీరువా తెరుచుకోదు. ఒజ్జ నాలుగు కారణాలు వరసగా పెట్టింది. వడజ్వరం అన్నింటికన్నా పైన ఉంది.

"పైన ఉండేదే నిజమా డాక్టరమ్మా?" అని మాబున్ని నన్నడిగింది.

"నాలుగు కారణాలు వరసబెట్టడం నీ మెడలో బిళ్ళకు వచ్చు. అందులో ఏది నిజమో పసిగట్టేవాణ్ణి డాక్టరంటారు. అది నేర్పితే వచ్చేది కాదు" అన్నాను.

ఆమె తల ఊపింది. పలక కడిగాక మరక పోయిందో లేదో చూసుకునేటప్పుడు వీళ్ళు ఊపినట్టు.

నాకు తెలియనిది: ఏమీ లేదు.

417వ రోజు

మద్దిలేటి మధ్యాహ్నం పోయాడు. ఊపిరి వేగం పెరిగింది, మాట తడబడింది, మూడు గంటల్లో అయిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు.

కారణం దగ్గర వడజ్వరం అని రాసి సంతకం పెట్టాను. సుంకులమ్మకు చదివి చెప్పాను. మనిషిని తీసుకుపోయారు.

మాబున్ని మూల బల్ల మీద కూర్చుని ఏడ్చింది. డాక్టర్లు ఏడవకూడదని చెప్పాను. ముక్కు తుడుచుకుని, "ఈ వారం పాఠం మారుస్తా డాక్టరమ్మా. జ్వరం గురించి చదువుకుంటా. ఈయప్ప దేంతో పోయినాడో నాకు అర్థం కాలేదు" అంది.

"వడజ్వరమని రాశాం కదా."

"రాసినాం లెండి. అర్థమే కాలేదు."

నాకు తెలియనిది: ఏడుస్తూ చదివితే ఏం తలకెక్కుతుందో.

421వ రోజు

గోవిందమ్మ వచ్చింది. మాబున్నితో కలిసి ఇరవై ఏళ్ళు ఒకే వరసలో పలకలు కడిగిన మనిషి. మూడు రోజులుగా జ్వరం, తలనొప్పి. మద్దిలేటి చెప్పినవే, అదే వరసలో.

"ఏమే మాబూ, నువ్వేనా నాకు సూది పొడిచేది?" అంది గోవిందమ్మ. "పలక మీద కాకిరెట్ట గీకమంటే గంట చేసేదానివి."

"కదలకుండా పడుకో అక్కా. నీ కన్నా ఆ రెట్టే మేలు, మాట్లాడకుండె."

నాడి పట్టుకున్న మాబున్ని వేళ్ళు వణికాయి. నేను చూశాను. రాత పరీక్ష ఒజ్జ పెడుతుంది, వచ్చే నెల చేతి పరీక్ష పెట్టాల్సింది నేను. అందులో ఆమెను ఫెయిల్ చేయాలని నాలుగు నెలల కిందటే అనుకున్నాను. ఈ వణుకు చాలు కారణానికి.

పట్టీ వచ్చింది. మీట నొక్కి సంతకం పెట్టాను.

నాకు తెలియనిది: ఏమీ లేదు.

424వ రోజు

మాబున్ని ఇంటికి పోవడం మానేసింది. గోవిందమ్మ మంచం పక్కనే కూర్చుని ఒజ్జతో మాట్లాడుతోంది. చెవిన పడుతోంది కాబట్టి రాస్తున్నాను. మొదటి రోజు "జ్వరం ఎందుకొస్తుంది" అని అడిగింది. రెండో రోజు "ఒకే వరసలో పనిచేసే ఇద్దరికి ఒకే జ్వరమొస్తే ఏమేం అనుమానపడాల" అని. ఈరోజు "నేను అడగాల్సిన ప్రశ్న ఏదన్నా అడగకుండా వదిలేసినానా" అని.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క విద్యార్థి కూడా నన్ను ఆ మాట అడగలేదు. అడగనిచ్చేదాన్ని కాదు కూడా.

గోవిందమ్మకు ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి. కళ్ళలో పసుపు తిరిగింది.

నాకు తెలియనిది: ఈ గడి ఖాళీగా వదిలితే ఏమవుతుందో. (తెర ఒప్పుకోలేదు. నింపమని అడిగింది.)

427వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదింటికి గోవిందమ్మ ఊపిరి నిమిషానికి ముప్పై నాలుగు. మాబున్నిని గుర్తుపట్టలేదు. కూతురనుకుని ఇల్లు తుడిచావా అని అడిగింది. నేను ఆక్సిజన్ పెట్టాను. మద్దిలేటికి ఇలా అయ్యాక మూడు గంటలు పట్టిందని మా ఇద్దరికీ తెలుసు.

మాబున్ని మెడలోంచి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఒజ్జా, నువ్వు వడజ్వరమంటాండావు. తప్పనట్లేదు. అయితే నువ్వు నీ కళ్ళతో చూసింది ఏమీ లేదు కదా. ఏమేం నమ్మి ఈ మాట చెప్తాండావో, అది ఎవరు చెప్తే నమ్మినావో, ఒకటొకటే చెప్పు."

ఒజ్జ చెప్పుకుంటూ పోయింది. జ్వరం లెక్క, థర్మామీటరు. ఊపిరి చప్పుడు, మాబున్ని విన్నది. ప్లేట్‌లెట్లు, పరీక్ష యంత్రం. నేను సెలైన్ సరిచేస్తూ వింటున్నాను. పద్నాలుగో అంశం దగ్గరికి వచ్చింది.

"చర్మం మీద ఎక్కడా మచ్చ గాని పెచ్చు గాని లేదు. ఒళ్ళంతా చూశారు. ఆధారం, చేతిసాక్షి గారి సంతకం. ఈ ఒక్క అంశం వల్ల స్క్రబ్ టైఫస్‌ను నాలుగో స్థానానికి జరిపాను. ఇది లేకపోతే అదే మొదటిది."

మాబున్ని నావైపు చూసింది. కోపంగా కాదు. అడిగి తెలుసుకుందామన్నట్టే చూసింది.

"ఎప్పుడు చూసినారు డాక్టరమ్మా? నేను మంచం కాడనే ఉన్నా కదా ఆరు రోజులూ. చొక్కా ఇప్పింది నేను చూడలా."

నన్ను ప్రశ్నించేంత దానివా అని నోటిదాకా వచ్చింది. రానివ్వకుండా మింగాను.

"చూడలేదు" అన్నాను.

ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. నన్నొక మాట అని ఉంటే బాగుండేది. ట్యాంకు దగ్గరికి పరిగెత్తి దుప్పట్లు తడిపి తెచ్చింది. చొక్కా నీళ్ళు బకెట్లోకి వంపేశాం. తలుపు మూసి, గోవిందమ్మను కిటికీ వెలుతురుకు తిప్పి, చొక్కా ఇప్పి, ఒకవైపు తడిగుడ్డ కప్పుతూ ఇంకోవైపు చూశాం. మెడ. వీపు. ఎడమ చంక. నడుము. కుడి రొమ్ము కింద మడతలో మాబున్ని వేలు ఆగింది.

"ఇదేందమ్మా ఇది?"

బఠాణీ గింజంత నల్లటి పెచ్చు. బీడీతో కాల్చినట్టు. చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు, దురద ఉండదు, ఉన్నట్టు రోగికే తెలియదు. స్క్రబ్ టైఫస్ తెచ్చే, గడ్డిలో తిరిగే సన్న నల్లి పిల్ల కుట్టిన చోటు అది. ఎలుకలున్న చోట ఆ నల్లి ఉంటుంది. నా ఉద్యోగంలో అలాంటి పెచ్చులు రెండు వందలకు పైగా చూసి ఉంటాను. నాలుగో సంవత్సరం పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చూపించేదాన్ని.

"నల్లటి పెచ్చు, కుడి రొమ్ము కింద" అని మాబున్ని ఒజ్జకు చెప్పింది. "నేను చూసినా. డాక్టరమ్మ గూడా చూసినారు." పద్నాలుగో అంశం నేను విడిగా తెరిచి, చేత్తో రాసి, సంతకం పెట్టాను. వేలు ఎత్తకముందే వెనక మందుల బీరువా తెరుచుకున్న చప్పుడయింది.

డాక్సీసైక్లిన్. నేను పుట్టకముందు నుంచీ ఉన్న మందు. సెలైన్లో కలిపి ఎక్కించాం.

నాకు తెలియనిది: ఈ మనిషి బతుకుతుందో లేదో.

429వ రోజు

జ్వరం దిగింది. ముప్పై ఆరు గంటలు పట్టింది. ఊపిరి ఇరవై రెండు. గోవిందమ్మ కళ్ళు తెరిచి, ఒంటి మీద చొక్కా లేదని తెలుసుకుని, మాబున్నిని అరగంట తిట్టింది. నా మొగుడైనా నన్నిట్లా చూడలేదని ఆమె అంటే, నీ మొగుడు నిన్నెందుకు చూస్తాడే అని ఈమె. నేను బయటికి వచ్చి నవ్వాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే మద్దిలేటి పడుకున్న మంచం బయట ఎండలో ఆరవేసి ఉంది.

లోపలికి వచ్చి అతని పట్టీ తీయించాను. పద్నాలుగో అంశం. ఒళ్ళంతా చూశారు, పెచ్చు లేదు. త్రిపురాంబ. పక్కనే ఒజ్జ అడిగిన మూడు ప్రశ్నలు. చంకలు, నడుము, గజ్జలు. అన్నం తినిపించేటంత ఓపిగ్గా అడిగింది.

"నువ్వు నన్నెందుకు నమ్మావు?" అని ఒజ్జను అడిగాను. దానితో నేను మాట్లాడటం అదే మొదటిసారి.

"మీ సంతకం మీరు చూశారని చెప్పింది. నేను మళ్ళీ అడగవలసింది. మద్దిలేటి గారి విషయంలో అది నా లోపం కూడా" అంది.

చూశారా, ఇప్పటికీ తిట్టదు. లోకంలోని పుస్తకాలన్నీ చదివి, పని ఎగ్గొట్టే ముసలిదాని టిక్కును నమ్మిన మొద్దు అది. ఆ మొద్దు అడిగిన ప్రశ్న సరైనది, నేను ఇచ్చిన జవాబు అబద్ధం. తిడితే తిరిగి తిట్టేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

నాకు తెలియనిది: మద్దిలేటి ఒంటి మీద ఏముందో.

431వ రోజు

నిన్న ఏమీ రాయలేదు. మొన్న గడిలో రాసినదానికి జవాబు తెలిసిన మనిషి ఒకరున్నారని నాకు తెలుసు, అయినా ఆ ఇంటికి పోవడానికి ఒక రోజు పట్టింది. భయపడ్డాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

మాబున్ని తోడు వస్తానంది, వద్దన్నాను. అయినా వచ్చింది. సుంకులమ్మ పని నుంచి అప్పుడే దిగి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను చూసి లోపల్నుంచి స్టూలు తెచ్చింది. నేను కూర్చోలేదు.

"సుంకులమ్మా, మీ ఆయనకు చివరిసారి నీళ్ళు పోసినప్పుడు ఒంటి మీద ఎక్కడైనా నల్లటి మచ్చ చూశావా?"

"చూస్తిని డాక్టరమ్మా. నడుం కాడ, మొలతాడు కింద. కాలినట్టుండె. ఏమో అనుకుంటి." చెంగుతో చేతులు తుడుచుకుంది. "మళ్ళా మీరు చూసింటారు కదా, సంతకం గూడా పెట్టినారు కదా అని ఎవరికీ చెప్పలా."

మాబున్ని నా మోచెయ్యి పట్టుకుంది. వదిలించుకున్నాను.

"నేను చూడలేదు" అన్నాను. "చూడకుండా చూశానని సంతకం పెట్టాను. చూసి ఉంటే మందు ఉంది. గోవిందమ్మ దానితోనే లేచి కూర్చుంది."

లోపల కుక్కర్ కూత వేసింది. సుంకులమ్మ వెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది.

"నడుం కాడే కదమ్మా, ఒంగి చూసేంత దూరం గూడా లేదు" అంది. అని తలుపు వేసుకుంది.

ఆసుపత్రికి వచ్చాక మద్దిలేటి పట్టీలో మరణ కారణం దగ్గర వడజ్వరం కొట్టేసి, జరిగింది రాసి, శాఖకు పంపాను. ఉద్యోగం తీసేస్తారు. తీసేయాలి. చేతి పరీక్షకు ఇంకో సాక్షిని పంపమని కూడా రాశాను. మాబున్ని చేతులు వణుకుతాయి. వణుకుతూనే వెతికాయి. నా చేతులు వణకవు, ఎందుకంటే గోవిందమ్మ దాకా నాలుగు వందల రోజులు అవి ఎవరి ఒళ్ళూ వెతకలేదు.

వాళ్ళు నన్ను తీసేసేలోగా చేయాల్సిన పని ఒకటుంది. నేను సంతకం పెట్టిన పట్టీలన్నీ మాబున్ని తీసి వరసపెట్టింది. రేపు పొద్దున అయిదింటికి, ఎండ ఎక్కకముందు, మొదటి వరసవాళ్ళను రమ్మని కబురు పంపింది. ఆసుపత్రి వెనక గదిలో దుప్పట్లు తడిపి ఆరవేశాం. గది చల్లబడుతోంది. చొక్కాలు ఇప్పడానికి ఆడవాళ్ళు ఒప్పుకోరని నేనంటే, "నేను చెప్తాలెండి. మీరు చూడండి చాలు" అంది.

నాకు తెలియనిది: చూశానని సంతకం పెట్టిన మూడు వందల పద్దెనిమిది మంది ఒంటి మీద ఏముందో. చూడలేదు.